చుక్కతో మొదలయ్యే వరుసలు

పటాన్‌చెరులోని ఒక మందుల ఫ్యాక్టరీలో, డ్రమ్ములకు లేబుళ్లు వేసే ప్రోగ్రాం శ్రీశైలం రాసిందే. పదేళ్లు ప్యాకింగులో అవే డ్రమ్ములు దొర్లిస్తూ, షిఫ్టు దిగాక కంప్యూటర్ నేర్చుకున్న మనిషి.

ఒకదాని వెంట ఒకటి జరగాల్సిన పనులను అతను ఒకే వరుసలో రాసేవాడు కాదు. డ్రమ్ముల జాబితా తీసుకో. దాని కింద, చుక్క పెట్టి, పాడైనవి తీసెయ్యి. ఆ కింద, చుక్క పెట్టి, తేదీల వారీగా పేర్చు. ఆ కింద, చుక్క పెట్టి, లేబుల్ వెయ్యి. చుక్కలన్నీ ఒకదాని కింద ఒకటి నిలబడేవి.

"ఏందన్నా, గిన్ని మెట్లు కట్టినవ్? ఎక్కాల్నా, దిగాల్నా?" అనేది పక్క కుర్చీలో కూర్చునే భవ్యశ్రీ.

"దిగు బిడ్డా. జెర నిమ్మళంగ దిగు."

కారణం చెప్పలేదు. రెండేళ్లుగా అతని చూపు అంచుల నుంచి మూసుకుపోతోంది. అక్షరాలు పెద్దవి చేసుకుంటే ఒకసారికి ఒక పొట్టి వరుస అందేది. ఇది భార్య సుశీలకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే డ్రమ్ముల దగ్గరికి కూడా రానివ్వరు.

మార్చిలో, ప్రోగ్రాంలలో అందరి రాతా ఒకేలా ఉండాలని ఆఫీసు నియమం పెట్టింది. నూట ఇరవై అక్షరాల్లో పట్టేదంతా ఒకే వరుస. కంప్యూటర్‌లో రాతను దానంతటదే సర్దే పరికరాన్ని నడిపింది భవ్యశ్రీయే. ఒక్క మీటతో మెట్లన్నీ చదునయ్యాయి. శ్రీశైలం వద్దనలేదు.

వారం తిరక్కుండానే తేదీల పద్ధతి మార్చమన్నారు. పొడుగు వరుసను అతను ముక్కలు ముక్కలుగా చదివాడు. తేదీల ముక్క చెరుపుతుంటే పక్కనున్నది కూడా పోయింది. పాడైనవి తీసెయ్యమనే ముక్క అది. మరునాడు పదకొండు పాడు డ్రమ్ములకు మంచి లేబుళ్లు పడ్డాయి. పాడైనవాటికి ప్యాకింగులో గీసే ఎర్ర గీతలు వాటిపై చూసి, గేటు కాపలా యాదన్న లారీని ఆపాడు.

"గంత ముక్క ఎట్ల కనవడలేదన్నా?" అంది భవ్యశ్రీ.

శ్రీశైలం ఆమె వైపు తిరిగాడు. "నీ ముక్కు కనవడ్తె చెవులు కనవడయి బిడ్డా."

ఆమె తెరమీది పొడుగు వరుసను, అతని కళ్లను మార్చి మార్చి చూసింది. "ముందుగాల చెప్తే నేను నొక్కకపోదును గద."

"చెప్తే కుర్చీ పోతుండె."

తప్పు తనదేనని అతనే రాసిచ్చాడు. ఉద్యోగంలో అతనికి శుక్రవారం ఆఖరి రోజు. భోజనాల తర్వాత భవ్యశ్రీ ఆ వరుసను మళ్లీ విడగొట్టింది. పైన, సర్దే పరికరం దీన్ని ముట్టుకోవద్దని ఒక మాట చేర్చింది.

"సూడన్నా, మంచిగున్నదా?"

అతను తెరమీద వేలు పెట్టి చుక్క నుంచి చుక్కకు దిగాడు. ఆఖరిదైన మూడో చుక్క దాటాక కూడా వేలు ఆగలేదు. ఖాళీ అద్దం మీద ఇంకా కిందికి వెతుకుతూ పోయింది.