చిన్నాయన వద్దన్న అద్దాల బండి

మా చిన్నాయన పోయాడన్న ఫోను నాకు చేనిగట్టు మీదే వచ్చింది. ముందు రోజు సాయంత్రమే వాన పడింది. ఊరంతా శెనక్కాయ విత్తే హడావుడిలో ఉంది. "అక్కా, నాయన పోయినాడు" అని ఆయన కొడుకు ఒక్క ముక్క చెప్పి ఫోను పెట్టేశాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఈ వాన కోసం ఆయన చూసినట్టు ఊళ్ళో ఎవరూ ఎదురుచూడలేదు. తీరా పడితే మనిషి లేడు.

బెళుగుప్ప దగ్గర మా ఊరు. చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. ఊళ్ళో సగం చేలు ఆయన ట్రాక్టరుతోనే విత్తేవాళ్ళు. మా దగ్గర ట్రాక్టరు వెనక విత్తే గొర్రు కట్టి, దాని మీద అడ్డంగా పలక వేస్తారు. ఆ పలక మీద ఆడవాళ్ళం వరసగా కూచుని, ఒక్కొక్కరి ముందున్న గొట్టంలో చేత్తో గింజ వదులుతూ పోవాలి. లోపల తడున్నా పైమన్ను ఆరిపోయి, బండి లేపే ఎర్రదుమ్మంతా మా మొహానికే.

చేలో దిగగానే ఆయన పిడికెడు మన్ను తీసి పిసికి చూసేవాడు. ముద్దయితే పదును, అంటే విత్తేంత తడి, ఉన్నట్టు, గొర్రు దించేవాడు. కాకపోతే ఎంత పెద్ద రైతైనా సరే, "ఈ పొద్దు కాదప్పా. ఇత్తనం సంపుకుంటావా?" అని బండి తిప్పేసేవాడు. తోలేటప్పుడు సగంసేపు మెడ వెనక్కే ఉండేది.

"ఏమ్మే, నిద్రపోతాండావా? గింజ పలచనైతాంది" అని నామీద అరిచేవాడు.

"నువ్వు నిదానంగా తోలితే గదా" అని నేనూ ఊరుకునేదాన్ని కాదు.

ఆ వాదులాటతోనే మాకు పొద్దు గడిచేది. పనంతా అయ్యాక తన సద్దిలో నంచుకునే ఎర్రగడ్డ నాకే పెట్టేవాడు.

తర్వాత దగ్గు పట్టుకుంది. దుమ్ము తగిలితే బతకవని అనంతపురం డాక్టరు మొహం మీదే చెప్పాడు. మా ఊళ్ళో దుమ్ము తగలకుండా ఎట్లా ఉంటారో ఆయన చెప్పలేదు. పాత ట్రాక్టరు ఎట్లాగూ మార్చాలి కాబట్టి చిన్నమ్మ పట్టుబట్టింది. "అద్దాల క్యాబినుండే బండి తెచ్చుకో. లేదంటే తోలేది మానుకో" అంది. మానుకుంటే ఆయనకు ఇంకో పని రాదు. క్యాబిన్లో కూచుంటే తలుపేసుకున్న కాన్నుంచి గుండె పట్టేస్తుందంటాడు. ఎటూ తోచక నెలంతా ఇంట్లో గొణుక్కుంటూ తిరిగాడు.

తోలి చూసుకోమని షోరూమువాళ్ళు క్యాబిన్ బండి పంపిన రోజు మా చేను విత్తాలి. తలుపు వేసుకోగానే ఎలుకబోనులో పడినట్టు అటూ ఇటూ చూశాడు. కొంతదూరం బాగానే పోయాం. ఇంతలో నా గొట్టంలో మట్టి బిగిసింది. "చిన్నాయనా, నిలుపు" అని అరిచాను. తర్వాత అందరం అరిచాం. పోతున్న బండి మీంచి దూకలేం. వెనక అద్దమంతా దుమ్ము కప్పేసింది, ఆయనకు మేం కనబడం. గింజలు ఒళ్ళో పెట్టుకుని, ఖాళీగా పోతున్న నా సాలును చూస్తూ కూచున్నాను. చేని చివర బండి తిప్పుతుంటే మా చేతులు చూసి దిగివచ్చాడు.

"ఎంతసేపట్నుంచి అరుస్తాండారు?"

"ఆ గట్టు కాన్నుంచి" అన్నాను. నా గొంతు పోయింది.

ఆయన ఆ సాలు వెంట నడిచిపోయి వచ్చాడు. కట్టెలతో పొడిచి గింజలేశాం గానీ, అప్పటికే గాలికి పదును ఆరిపోతోంది. సగం మొలవలేదు.

"నన్ను అద్దాల్లో పెడ్తే, ఎనక కూచున్నోళ్ళకు ఎవరు పెడ్తారు అద్దాలు?" అన్నాడు చిన్నమ్మతో. అద్దాల్లేని బండే తెచ్చుకున్నాడు.

"ఊరోళ్ళ సేద్యం కోసం నా బతుకు తీస్తావా" అని చిన్నమ్మ మాట్లాడ్డం మానేసింది. అయినా రోజూ తువ్వాలు తడిపి ఆయన ముక్కుకు కట్టి పంపేది. ఊరు దాటగానే ఆయన దాన్ని మెడకు లాగేసేవాడు. మూతికి గుడ్డుంటే మమ్మల్ని తిట్టేదెట్లా? మేం తిన్న తిండిలో ఆయన ఊపిరి ఉంది. ఈ మాట నేను ఎవరి ముందైనా అంటాను.

చివరి నెలల్లో గది కిటికీలన్నీ బిగించి, గాలి మిషను పెట్టారు. "మళ్ళా ఆ బండిలోకే ఎక్కిచ్చినారు సూడు" అన్నాడు నాతో. నవ్వబోయి ఆయాసపడ్డాడు.

ఆయన దినాలు కాకముందే ఆయన కొడుకు, నా తమ్ముడు, విత్తనానికి కదిలాడు. ఆగితే పదును పోతుంది. ఆయన మంచాన పడ్డాక చిన్నమ్మ వాడిచేత క్యాబిన్ బండే కొనిపించింది. వాడు మాత్రం మా కేకలు వినబడాలని రెండు తలుపులూ తెరిచి తాళ్ళతో కట్టేశాడు. దుమ్మంతా వాడి మీదికే పోయింది. రెండు సాళ్ళు తిరిగేసరికి దగ్గడం మొదలుపెట్టాడు.

మొగుడు పోయిన మైలలో గడప దాటకూడని చిన్నమ్మ అప్పుడు చేనికి అడ్డంపడి వచ్చింది. బండి నిలిపించి, తాళ్ళు విప్పి, తలుపులు మూసింది.

"వాళ్ళు పిలిస్తే నాకు ఎట్ల తెలుస్తాది మా?" అన్నాడు వాడు లోపల్నుంచి.

"నేను జెప్తా. నువ్వు తోలు."

ముందు చక్రం పక్కన, అద్దంలోంచి వాడికి కనబడేచోట, మా వైపు చూసుకుంటూ ఆమె నడిచింది. నా గొట్టం బిగిసి అరిచాను. ఎర్రదుమ్ములో ఆమె మొహం కనబడలేదు. పైకి లేచిన చెయ్యి మాత్రం కనబడింది. బండి నిలిచింది.