ఛత్రితో గురి

సికింద్రాబాద్ స్టేషన్లో లింగంపల్లి లోకల్ కోసం నిలబడి, ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మారుస్తూ మిత్రుడితో వాదిస్తున్నాను. క్లబ్బులో గురి పోటీలకూ, పంటలు పాడుచేసే అడవిపందుల్ని పర్మిట్ మీద వేటాడడానికీ ఒకే రైఫిల్ కావాలి నాకు. బ్యారెల్ పొడుగ్గా, లావుగా ఉండాలా? పొట్టిగా, సన్నగానా? ఆ ఏడాదే ఉద్యోగంలో రెండు కంపెనీలు చకచకా మారాను గానీ, ఈ బ్యారెల్ సంగతొక్కటీ తేలడం లేదు.

ఫోన్ పెట్టెయ్యగానే, పక్కనే నిలబడి అంతా విన్న పెద్దాయన తన పొడుగాటి గొడుగు నా చేతికిచ్చాడు.

"ఈ ఛత్రి ఎత్తి గా గడియారానికి గురి పెట్టు."

పెట్టాను. కొస ఊగుతోంది.

"లావు గొట్టం నిలబడి కొట్టెటోనికి మంచిగుంటది. బరువుకు ఊగదు. పొట్టిది పొదలల్ల తిరిగెటోనికి, మోసుడు అల్కగుంటది. నువ్వు నిలబడెటోనివా, తిరిగెటోనివా?"

"రెండూనండీ."

అంతలో బండి వచ్చింది. గొడుగుతో సహా ముందుకు ఉరికాను.

ఆయన నవ్వాడు. "లింగంపల్లి అన్నవ్ గద ఫోన్ల? గిది ఫలక్‌నుమా పోతది. జెర ఆగు బిడ్డా. ముందుగాల నీ కాళ్లు ఎటు పోతున్నయో చూసుకో, గొట్టం సంగతి తర్వాత."

ఇవాళ్టికీ క్లబ్బులో, నేను నిలబడేవాణ్ణేనని తేల్చుకుని కొన్న లావుపాటి బ్యారెల్ రైఫిల్ ఎత్తే ముందు ఒకసారి కాళ్లకేసి చూసుకుంటాను.