గోతుల దుప్పటి

మొన్న మనవరాలు ఫోన్ నా ముందు పెట్టి, ఉత్త నల్లగీతలతో వేసిన బొమ్మొకటి చూపించి, ఇది లోపలికి ఉందో బయటికి ఉందో చెప్పమంది. నాకా పరీక్ష! పెడనలో మీ ముత్తవ్వకి, అదే మా అత్తయ్యకి, ఈ పరీక్ష నేనెప్పుడో పెట్టానే అంటే నమ్మితేగా.

గుడివాడ నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో, మావయ్యగారి కలంకారీ అద్దకం షెడ్డుకి డిజైన్లు గీసే పని పట్టుబట్టి తీసుకున్నాను. పువ్వులూ తీగలూ చిలకలూ చూసి చూసి విసుగెత్తి, ఒక్క వంపు లేకుండా, ఒక పక్క గీతలు నీడలా ఒత్తుగా, మరో పక్క పలచగా పెట్టి, గుడ్డ మీద పెట్టెలు పేర్చినట్టు ఉబ్బి కనిపించే డిజైనొకటి గీశాను. మావయ్యగారు కళ్ళజోడు సర్దుకుని, ఒక్క దుప్పటి అద్దిద్దాం, ఇంట్లోవాళ్ళకి నచ్చకపోతే మళ్ళీ చిలకల్లోకి వచ్చెయ్యాలమ్మాయ్ అన్నారు. సరేనన్నాను, నా గీత మీద నాకు అంత ధీమా.

అయితే మా దగ్గర దుప్పటి అద్దేటప్పుడు సగానికి రాగానే చెక్క అచ్చుని తలకిందులుగా తిప్పుతారు, ఏ వైపు నుంచి చూసినా పువ్వు నిలబడి ఉండాలని. ఆ అలవాటుకొద్దీ నా పెట్టెల్నీ తిప్పేశారు. పువ్వు తిరిగితే పువ్వే, నీడ తిరిగితే ఊరుకుంటుందా? ఆరిన దుప్పటి మంచం మీద పరిచేసరికి ఒక సగం గట్టులా లేచింది, రెండో సగమంతా గుంటలు. నా ప్రాణం ఉసూరుమంది, ఇక జన్మంతా చిలకలే అనుకున్నాను.

అప్పుడే నడుం వాల్చడానికొచ్చిన అత్తయ్య మంచం దగ్గర ఆగిపోయి, గుంటల్ని అరచేత్తో తడిమి చూసుకుని, అయినా నమ్మకం కుదరక, అటు తిరిగి వెళ్ళి ఎత్తు వైపు కూర్చున్నారు. దుప్పటి చూడ్డానికొచ్చిన షెడ్డు వాళ్ళంతా గొల్లున నవ్వితే, "నవ్వుతారేంట్రా, ఆ గోతుల్లో ఎవడు పడుకుంటాడు, నడుం విరగ్గొట్టుకోడానికా?" అని కసిరారు. మావయ్యగారు కళ్ళు తుడుచుకుంటూ, ఇలాగే తిప్పి అద్దండి, చిలకల సంగతి తర్వాత చూద్దాం అన్నారు. బందరు కొట్లలో ఆ దుప్పటి పరిస్తే జనం ముందు చేత్తో తడిమేవారు.

ఇప్పుడు డిజైన్లన్నీ కంప్యూటర్లోనే చేస్తున్నారు, బాగానే ఉంటున్నాయి, కాదనను. మనవరాలు నేను జవాబు చెప్పేలోపే ఆ బొమ్మని వేలితో పక్కకి తోసేసి ఇంకోటి చూస్తోంది. లోతు ఉందేమోనని ఫోన్ అద్దాన్ని తడిమి చూసేవాళ్ళెవరు? నా గీతని నిజమని నమ్మి చెయ్యి చాచిన అత్తయ్య పోయి చాలా కాలమైంది. ఆ దుప్పటి మాత్రం వెలిసిపోయి నా మంచం మీదే ఉంది. గీసిందాన్ని నేనే అయినా, ఇప్పటికీ ఎత్తు వైపే పడుకుంటాను.