తీసిన డిస్కు ఏదీ?

హెలికాప్టర్ మమ్మల్ని మంచు మీద దించింది. రెక్కలు ఆపలేదు. ఆ చలిలో ఆపితే ఇంజను మళ్ళీ లేవదని భయం. వీపున రేడియో సెట్టు, బ్యాటరీలు, నా సామాను. పదహారు వేల అడుగుల ఎత్తు. ఉదయం ఆరున్నర. ఎండ కొడుతోంది, వేడి మాత్రం లేదు. దాచేపల్లి సున్నపురాళ్ళ మధ్య కాలిన ఒళ్ళు నాది. నాలుగడుగులకే ఊపిరి అందక కూలబడ్డాను.

మా సైనిక పోస్టంటే ఒక ఫైబరు గుడిసె, కిరోసిన్ పొయ్యి, దాని మసి. నా నాడి చూడటానికి వచ్చిన నర్సింగ్ అసిస్టెంటు నేను మా ఊరి పేరు తలుచుకుని గొణిగింది విని తెలుగులో కేకేశాడు.

"దాచేపల్లా! ఓర్నీ, మాది మాచర్ల అన్నా! నా పేరు బాషా. ముందు టీ తాగు. ఇక్కడ బియ్యం ఉడకవుగానీ టీ మాత్రం అవుద్ది."

అక్కడ ఒక కట్టుబాటు ఉంది. చినిగిన గ్లవ్ అయినా, చచ్చిన బ్యాటరీ అయినా, పాతది కిందికి పంపితేనే కొత్తది పైకి వస్తుంది. స్టోర్సు హవల్దారు రేడియోలో రోజూ పాడే పాట అదే. "పాతది ఏదీ? పాతది చూపించు. ఓవర్." మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత రక్తంలో కలిసిపోయింది.

ఫోన్లన్నీ కింద బేస్‌లోనే జమ. ఉన్నదల్లా బాషా సొంత లాప్‌టాప్, సినిమాల కోసం కమాండర్ సాబ్ అనుమతితో. ఆదివారం దాని కెమెరాలో రికార్డు పెట్టి బాషా అందరినీ అనుకరించేవాడు. అన్నిట్లోకీ పెద్ద ఐటం వాళ్ళ నాన్న. మాచర్లలో లారీ మెకానిక్. ఇనపరాడ్డు ఒక కొస ఇంజనుకు, ఇంకో కొస చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని, "బేరింగు ఏడుస్తాందిరా, ఇనపడట్లా?" అనేవాడట. బాషా అది చేస్తుంటే నవ్వలేక దగ్గు వచ్చేది మాకు.

ఒక ఆదివారం లాప్‌టాప్ టిక్కు టిక్కుమంది. బాషా చెవి ఆనించాడు.

"ఏంది అన్నా ఇది?"

"హార్డ్ డిస్కు పోతోంది. లోపల పళ్ళెం తిరుగుతుంటే చదివే ముల్లు గాలి మీద తేలాలి. ఇక్కడ గాలి పల్చన. ముల్లు పళ్ళేనికి తగులుతోంది."

"మనిషికే చాలట్లేదు గాలి, దానికేడ చాలుద్ది?"

స్టోర్సుది కాదు, బాషా సొంత డబ్బుతో తెప్పించిన కొత్త డిస్కు కిరోసిన్‌తో పాటు పైకి వచ్చింది. పాతదాన్ని స్లీపింగ్ బ్యాగులో వెచ్చబెట్టి, కాసేపు నడిపి, కాసేపు ఆపి, ముక్కలు ముక్కలుగా కాపీ తీశాను. అంతా దిగిందని చూసుకున్నాకే మరలు విప్పాను. రేడియోలు, కంప్యూటర్లు బాగుచేసే మా వృత్తిలో మంత్రం ఇదొక్కటే: ముందు కాపీ, తర్వాతే స్క్రూడ్రైవరు. పాతది మర్నాటికి మూగబోయింది. ఇంకో కాపీకి అక్కడ ఇంకో డిస్కు లేదు. "కిందికి దిగాక తీద్దాంలే అన్నా" అన్నాడు బాషా. కొత్తదీ పాడవకుండా అప్పట్నుంచి ఆదివారం కాసేపు తప్ప లాప్‌టాప్ తెరవలేదు.

ఫిబ్రవరిలో ఒక జవానుకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. గాలికి హెలికాప్టరు రాలేదు. స్ట్రెచరు మీద దించాలి, బాషా పక్కన నడవాలి. నేను సెట్టు దగ్గర ఉన్నాను.

"పోస్టు, వినండి. మంచు విరిగింది. పేషెంటు క్షేమం. బాషా కనబడటం లేదు. ఓవర్."

కమాండర్ సాబ్ నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. "వెతకండి. ఓవర్." మధ్యాహ్నానికి మంచు కింద దొరికాడు. ఊపిరి లేదు.

అదే వారం జనరేటరు కరెంటు ఒక్కసారిగా పెరిగి లాప్‌టాప్ బోర్డు కాలింది. బోర్డు మాత్రమే. డిస్కు విప్పి ఉన్ని మేజోడులో చుట్టి చొక్కా లోపల పెట్టుకుని దిగాను. బేస్‌లో తనిఖీ అధికారి ముందు వేరే మెషీనుకు తగిలించాం. తెర మీద బాషా నవ్వాడు, మాట్లాడాడు. సర్కారీ మెషీనులోకి సొంత ఫైళ్ళు ఎక్కించకూడదు, కాబట్టి కాపీ కుదరలేదు. కానీ డిస్కు బతికే ఉంది. నా కళ్ళతో చూశాను.

సెలవులో లాప్‌టాప్, డిస్కు పట్టుకుని సరాసరి మాచర్ల వెళ్ళాను. షెడ్డులో లారీ కిందనుంచి వాళ్ళ నాన్న బయటికి వచ్చాడు.

"దీంట్లో మావోడు మాట్లాడతాడా నాయనా?"

"మాట్లాడతాడు బాబాయ్. మీ మాదిరి కూడా మాట్లాడతాడు."

"నా మాదిరా! దొంగనాయాలు..." అని నవ్వబోయి ఏడ్చేశాడు. "ఎప్పుడు ఇంటా నేను?"

"ఆదివారం."

నరసరావుపేటలో రమణ కంప్యూటర్ షాపు. నాతో పదో తరగతి దాకా ఒకే బెంచీ. సెలవులో నా దగ్గర పనిముట్లు లేవు, ఇంకెవరి దగ్గరికి పోతాను? బాషా సంగతి మొత్తం చెప్పాను. వాడి కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

"బోర్డు మార్చు. దానికి ముందు డిస్కు కాపీ తియ్. పాత డిస్కు నా చేతికే ఇవ్వు."

"నాకు చెప్పాలంట్రా? నీ మీద ఒట్టు."

శనివారం వెళితే లాప్‌టాప్ తళతళలాడుతోంది. తెరిచాను. ఖాళీ.

"డిస్కు చచ్చిందిరా. ఏం చెయ్యలేకపోయా. కొత్తది ఏశా, నీ దగ్గర రూపాయి తీసుకోనులే."

"పాతది ఏదీ?"

"పాతయి షాపులోనే ఉంటయ్ గదరా. ఎవరూ అడగరు."

"నేను అడుగుతున్నా. చూపించు."

గోడకేసి చూశాడు. మళ్ళీ అడిగాను. మళ్ళీ. చివరికి కక్కాడు. దాచేపల్లి లారీ యార్డువాళ్ళు సీసీ కెమెరాలకు తొందర పెట్టారట. ఆ రోజు స్టాకులో డిస్కు లేదట, కొత్తవి తర్వాత వచ్చాయట. మంచి డిస్కు కళ్ళెదుట ఉందట. కాపీ రేపు తీద్దాం, ముందు పని గడుస్తుంది అనుకుని దాన్నే వాళ్ళ రికార్డింగు డబ్బాలో బిగించాడట.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి. మంచు బాషాను తీసుకుంది. మంచు నాకు ఒట్టు వెయ్యలేదు. వీడు వేశాడు. వీడు చచ్చిందని అబద్ధం కూడా ఆడాడు. చెయ్యి లేచింది, దించుకున్నాను. ఆ రోజు నుంచి ఆ షాపు మెట్టు ఎక్కలేదు, ఎక్కను.

అక్కణ్ణించి నేరుగా దాచేపల్లి యార్డుకు వెళ్ళాను. గదిలో గోడకు టీవీ. నాలుగు గళ్ళలో లారీలు. దుమ్ములోంచి వస్తున్నాయి, దుమ్ములోకి పోతున్నాయి. కింద రికార్డింగు డబ్బాలో ఆ డిస్కు గిర్రున తిరుగుతోంది. లాప్‌టాప్‌లోంచి కొత్తది తీసి వాళ్ళకిచ్చి, పాతది తీసుకున్నాను. తెలిసిన విద్యలన్నీ ప్రయోగించాను. మొదటినుంచి చివరిదాకా లారీల వీడియోలతో నిండిపోయి, మళ్ళీ దానిమీదే ఎక్కించి ఉంది; బాషా ఒక్క ముక్కా మిగల్లేదు.

ఆదివారం అన్నాను కాబట్టి ఆదివారమే మాచర్ల వెళ్ళాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. బాషా నాన్న రమణను తిట్టలేదు. చేతులు గుడ్డపీలికతో తుడుచుకుని చెయ్యి చాపాడు.

"నేను బోల్టు మార్చినా పాత బోల్టు ఓనరు చేతిలో పెడతా నాయనా. తీసింది ఏదీ?"

చేతిలో పెట్టాను.

"ఇప్పుడు దీంట్లో ఏముంది?"

"లారీలు, బాబాయ్."

కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత కళ్ళు మూసుకుని చెవికి ఆనించాడు. అచ్చం బాషా చేసి చూపించినట్టే. షెడ్డులో పనివాళ్ళు సుత్తులు ఆపేశారు. ఆయన చాలాసేపు అట్లాగే నిలబడ్డాడు.