పదకొండో రేకు

మొన్న స్కూటరు మొరాయిస్తే ఆర్మూరు రోడ్డు మీది మెకానిక్ షెడ్డుకు తీసుకుపోయాను. నా పని చూసుకుని వచ్చేసేవాణ్ణే, అక్కడ బానెట్ ఎత్తి నిలబెట్టిన ఎర్రటి రెండు సీట్ల పాత రేసు కారు కంటపడకపోతే. చూడగానే గుర్తుపట్టాను. ఇంజను తళతళలాడుతోంది గానీ దాని చుట్టూ ఉండాల్సిన రేకులు ఒక్కటీ లేవు. రంగులేసుకుని ఓ మూల సిమెంటు సంచిలో పడి ఉన్నాయి. ఇదేమిటని అడిగితే ఆ మెకానిక్ మర్యాదగానే, నవ్వుతూ చెప్పాడు. "గవి ఉత్త రేకులు కాకా. రంగులేయించినంక ఏది ఏడిదో తెల్వలే. అవి లేకుంటేనే ఇంజన్ ఎంత సాఫ్ కనవడుతున్నదో సూడుండ్రి." ఉత్త రేకులట! నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ ఉత్త రేకుల్లో ఏది ఎక్కడిదో కనిపెట్టడానికి మా బావకు ఒక ఎండాకాలమంతా పట్టింది. మా అక్క భర్త ఆయన, బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. నేనూ అదే వర్క్‌షాపులో చేసేవాణ్ణి. చెరుకు తోటల ఆసామి ఒకాయన ఈ కారు కొని, పట్నంలో ఎవరితోనో విప్పించి, మళ్లీ బిగించే దిక్కులేక, కారొకవైపు రేకులొకవైపుగా తెచ్చి బావ ఇంటి ముందు దింపించాడు. పుస్తకం లేదు, బొమ్మ లేదు. బావ పదకొండు రేకులనూ మంచం మీద పరిచి, ఎడ్లను బేరం చేసేవాడిలా ఒక్కోదాన్నీ అటూ ఇటూ తిప్పి చూసేవాడు. నీలంగా కమిలిన ముఖం పొగ గొట్టం వైపుది. ఎర్రమట్టి పట్టింది చక్రం వైపుది. బోల్టు రంధ్రం చుట్టూ గుండ్రటి మచ్చ ఎంతుంటే వాషరు అంత. ఆ మంచం ఖాళీ అయ్యేదాకా మా అక్క కింద చాప మీద పడుకుంది. ఆ కోపం ఆవిడకు ఇప్పటికీ తగ్గలేదు. చెరుకు ఆడటం అయిపోయి మిల్లు విప్పినప్పుడు, ఏ ముక్క ఎక్కడిదో మరిచిపోకుండా, ముక్క మీదా అది కూర్చునే చోటా పంచ్‌తో రెండు చోట్లా ఒకే లెక్కన గుంట చుక్కలు కొట్టడం మా ఫ్యాక్టరీ అలవాటు. బావ కారుకూ అదే చేశాడు. మొదటి రేకుకు ఒక చుక్క, పదోదానికి పది.

పదకొండోది అరచేయంత ఉంటుంది. ఎనిమిది రోజులైనా ఎక్కడా కుదరలేదు. ఆసామి మనిషి రోజూ వచ్చి సతాయించాడు. చివరికి ఆసామే వచ్చి, చక్కెర మిల్లోడికి కారిస్తే ఇట్లాగే ఉంటుందని నలుగురిలో అనేసి పోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ముక్కను అవతల పారేసి బండి ఇచ్చెయ్యమని బావ మీద విరుచుకుపడ్డాను. ఆయన తలెత్తలేదు. "దానికి ఏం పని లేకుంటే చేసినోడు ఎందుకు చేస్తడు బామ్మర్దీ," అన్నాడు, అంతే. తొమ్మిదో రోజు దాని చోటు దొరికింది. పెట్రోలు పైపుకూ పొగ గొట్టానికీ మధ్య! అది లేకపోతే, బండి గాలి తగలక మెల్లగా నడిచినప్పుడల్లా ఆ పైపు సెగకు మాడిపోతుంది. ఇంతా చేస్తే ఆ ఆసామి చుక్కలు చూసి, ఫారిన్ బండిని ఖరాబు చేశాడని ఊరంతా చాటాడు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ రక్తం ఉడుకుతుంది.

ఇప్పటి ఓనరు ఈ ఆదివారం కూతురి పెళ్లి బరాత్ ఈ కారులోనే తీస్తాడట. బరాత్ సంగతి తెలిసిందే కదా. ముందు డీజే, వెనక మనిషి నడకకన్నా మెల్లగా బండి, అలా రెండు గంటలు. "పిల్లను కూసోబెడుతుండ్రు గదా. పెట్రోల్ పైపు కింద ఏమున్నదో సూసినవా?" అని అడిగాను. వంగి చూశాడు. నవ్వు మాయమైంది. ఇద్దరం సంచి కుమ్మరించాం. చుక్కల కోసం వెతికితే ఒక్కటీ కనబడలేదు. డెంటింగ్ చేసినవాడు అవి సొట్టలనుకుని పుట్టీతో పూడ్చి పైన రంగు కొట్టాడు, రేకుల మీదా, కారు మీదా. మా బావ కొలిచి కొట్టిన దెబ్బలు సొట్టలట! కింద చతికిలబడి, నోటికొచ్చినట్టు తిడుతూ, స్కూటరు తాళంచెవితో గీకడం మొదలుపెట్టాను. మెకానిక్ బ్లేడు తెచ్చుకుని పక్కన కూర్చున్నాడు. పొద్దు వాలేసరికి పది రేకులు ఎక్కాయి. పదకొండోది అతన్ని ముట్టుకోనివ్వలేదు, నేనే బిగించాను.

"ఎవలు కాకా గింత పని జేసింది?" అన్నాడతను చేతులు తుడుచుకుంటూ. మా బావ అని చెప్పాను. ఒకసారి కలవాలన్నాడు. ఆయన పోయాడని చెప్పి స్కూటరెక్కాను. అప్పట్లో ఆ ఎనిమిది రోజులూ దండగన్నారు అందరూ, అందరికన్నా గట్టిగా అన్నది నేనే. ఇన్నేళ్లూ ఆ పైపు మాడకుండా ఉన్నది ఆ ఎనిమిది రోజుల పుణ్యమే. ఆ మాట ఆయనకు చెప్పడానికి మాత్రం, ఇన్నేళ్లలో నాకు ఒక్క పూట తీరలేదు.