మైలేజీ మేస్త్రి

మా బావను అందరూ మైలేజీ మేస్త్రి అనేవారు. కోపం వచ్చినప్పుడు మా అక్క కూడా "ఏమండీ మైలేజీగారూ, అన్నం చల్లారిపోతోంది" అని పిలిచేది. పాత మోటార్ సైకిళ్లు బాగుచేయడం ఆయన పని. ఆయన షెడ్డుకు ఆనుకుని ఉన్న గదిలో నా లేత్ మిషన్ ఉంది. మధ్యలో రేకు గోడ, దానికో చిన్న తలుపు. అటువైపు ఆయన దగ్గితే ఇటువైపు నాకు వినబడుతుంది. ఇరవై రెండేళ్లుగా అలా పక్కపక్కనే బతుకుతున్నాం కాబట్టి ఆయన గురించి చెప్పే హక్కు నాకుంది. నా గురించి కూడా చెప్పాలి, తప్పదు.

ఆయనకు పని రాదని నేననను. బండి వీధి మలుపు తిరుగుతుండగానే, చూడకుండా, చప్పుడు విని, "టాపెట్లు వదులయ్యాయి" అని చెప్పగలిగేవాడు. విప్పిన ప్రతి నట్టునూ కిరసనాయిల్లో కడిగి, విప్పిన వరసలోనే గుడ్డ మీద పేర్చేవాడు. పాత సామాను వేసి కొత్తదని చెప్పిన పాపాన ఎన్నడూ పోలేదు. తాగడు, పేకాడడు. ఉన్నదొక్కటే జబ్బు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాలుగో కాలు ఎవరైనా వేలు పెట్టి చూపిస్తే, అసలది కుందేలే కాదనేవాడు.

పెట్రోలు ధర ఎక్కుతూ పోయిన రోజుల్లో షెడ్డుకొచ్చిన ప్రతివాడూ అడిగే మాట ఒకటే: "మేస్త్రీ, లీటరుకి ఇంకొంచెం ఇచ్చేట్టు చెయ్యవా?" దానికి బావ ఒక ఉపాయం కనిపెట్టాడు. కార్బ్యురేటర్‌లో జెట్ అని చిటికెన వేలి గోరంత ఇత్తడి ముక్క ఉంటుంది. దాని నడుమ సన్నటి రంధ్రం. బండి జోరుగా పోతున్నప్పుడు ఇంజిన్ తాగే పెట్రోలంతా అందులోంచే పోవాలి. బావ ఆ రంధ్రాన్ని టంకంతో పూడ్చేవాడు. నేను దాన్ని లేత్‌కి బిగించి, ముందున్నదాని కన్నా సన్నగా మళ్లీ తొలిచేవాణ్ణి. అంత సన్నటి డ్రిల్లు విరగకుండా నడిపే చెయ్యి మా చుట్టుపక్కల నాదొక్కటే. అది నా గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా. లీటరుకు పది కిలోమీటర్లు ఎక్కువ రావడం మొదలయ్యేసరికి జనం బారులు తీరారు. బావకు ఆ పేరొచ్చింది అలాగే.

అయితే పెట్రోలు మండటానికే కాదు, ఇంజిన్ లోపలి వేడిని కొంత లాగడానికి కూడా పనికొస్తుంది. అది తగ్గి గాలి ఎక్కువైతే మంట మితిమీరి వేడెక్కుతుంది. కూరగాయలకీ ఆఫీసుకీ తిరిగే బండికి దీనివల్ల ఏమీ కాదు. గంటల తరబడి ఎక్సిలేటర్ మొత్తం తిప్పి పోయే బండికి మాత్రం ప్రాణం మీదికొస్తుంది. ఈ సంగతి నాకు తెలుసు. ఆయనకు నాకన్నా బాగా తెలుసు.

గంటల తరబడి పోయే బండి మా ఇంట్లోనే ఒకటుంది. అది బావ తమ్ముడిది. అతన్ని అందరం చిన్నోడు అనేవాళ్లం, నలభై దాటినా చిన్నోడే. తల్లీతండ్రీ తొందరగా పోతే బావే పెంచాడు. చిన్న చిన్న ఆసుపత్రుల్లో తీసిన రక్తం సీసాలను ఐసు పెట్టెలో పెట్టుకుని, గంటన్నర దూరంలో ఉన్న ల్యాబుకు చేర్చడం అతని ఉద్యోగం. ఆలస్యమైతే రక్తం పనికిరాదు. అందుకని దారిలో టీ కూడా తాగేవాడు కాదు. ఆ బండిని బావ తుక్కులోంచి ఏరి, ముక్క ముక్కా కూర్చి తమ్ముడికి ఇచ్చాడు. మొదటి సన్న జెట్ వేసింది దానికే. "మా చిన్నోడి బండి చూడండి, డెబ్భై ఇస్తోంది" అని వచ్చినవాడికల్లా చెప్పేవాడు. షెడ్డుకి బోర్డు లేని లోటు ఆ బండి తీర్చింది.

ఒక ఎండాకాలం పొద్దున చిన్నోడు బండి నెట్టుకుంటూ వచ్చాడు.

"అన్నయ్యా, బాగా వేడెక్కిపోతోంది. సగం దూరం పోయేసరికి ఊపు చచ్చిపోతోంది. కీ తిప్పి ఆపేసినా రెండు మూడు సార్లు కొట్టుకుని గానీ ఆగట్లేదు. కాళ్ల మధ్య పొయ్యి పెట్టుకున్నట్టుంది."

బావ వరసగా చూసుకుంటూ వచ్చాడు. ఆయిల్ నిండుగానే ఉంది. అయినా తీసేసి తన చేత్తోనే కొత్తది పోశాడు. సిలిండర్ చుట్టూ ఉండే రెక్కల మధ్య పేరుకున్న మట్టిని ఇనుప పుల్లతో గీకాడు. వెనక చక్రం తిప్పి బ్రేకు పట్టేయడం లేదని చూసుకున్నాడు. టాపెట్లు సరిచేశాడు. "ఇంకేం కాదు, పో" అన్నాడు.

నాలుగు రోజుల తర్వాత అదే వేడి. ఈసారి పెట్రోలుకి నిప్పంటించే టైమింగ్ సరిచేసి, ప్లగ్గు విప్పాడు. నేను పక్కనే ఉన్నాను. లేత గోధుమరంగులో ఉండాల్సిన ప్లగ్గు ముక్కు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. మెకానిక్కులకు అది అచ్చక్షరాల్లో రాసిన ఉత్తరం కింద లెక్క. పెట్రోలు చాలడం లేదని దానర్థం. బావ ప్లగ్గు వంక చూశాడు, నా వంక చూశాడు. గుడ్డతో తుడిచి చొక్కా జేబులో వేసుకుని, కొత్తది బిగించాడు.

అప్పుడైనా జెట్ మార్చేవాడేమో. చిన్నోడు అనకూడని మాట అప్పుడే అన్నాడు, పాపం, అమాయకంగా.

"అవతలి రోడ్డులో కొత్తగా షెడ్డు పెట్టాడు కదన్నయ్యా, అతను కూడా చూశాడు. జెట్ సన్నగా ఉందేమో, కంపెనీది వేయించుకోమన్నాడు."

బావ చేతిలో స్పానర్ ఆగిపోయింది. "వాడి దగ్గరికెందుకెళ్లావు?"

"నేనెళ్లలేదు. బండి దార్లో ఆగిపోతే అతనే వచ్చి చెయ్యి పెట్టాడు."

"నిన్నగాక మొన్న స్పానర్ పట్టుకున్నవాడు నా పనికి వంక పెడతాడా? అంత నమ్మకముంటే వాడి దగ్గరే చేయించుకో, పో!"

"అలా అంటావేంటన్నయ్యా? నీకన్నా తెలిసినవాడెవడు?" అన్నాడు చిన్నోడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. నాకు ఇప్పటికీ కడుపు మండేది అందుకే.

ఆ మధ్యాహ్నం షెడ్డులో ఎవరూ లేనప్పుడు నేను మాట కదిపాను. "బావా, జెట్ మార్చెయ్. కంపెనీది నా దగ్గరుంది. పది నిమిషాల పని."

"మార్చి? ఆ బండి అరవైకి పడిపోతుంది. ఎందుకు పడిపోయిందని అడిగితే ఏం చెప్పను? ఆ కొత్తోడు చెప్తే మార్చుకున్నానని చెప్పనా?"

"అడిగినవాళ్లకి ఏదో ఒకటి చెప్పొచ్చు. వాడు నీ తమ్ముడు."

"ఆ రంధ్రం తొలిచిందెవరు?"

"నేనే."

"అయితే నోరు మూసుకుని నీ పని చూసుకో."

మూసుకున్నాను. సాయంత్రం అక్క టీ తెచ్చి, "ఏంట్రా, ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా ఉన్నారు?" అని అడిగితే "ఏం లేదక్కా" అన్నాను. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. నేను దాన్ని బుద్ధిమంతుడిలా పాటించాను. పోనీ, చిన్నోడికైనా చెప్పొచ్చు కదా. మర్నాడు పొద్దున అతను నా లేత్ ముందే నిలబడి, "బావా, నువ్వేమంటావు?" అని అడిగాడు కూడా.

"మీ అన్నయ్య చెప్పినట్టు విను" అన్నాను.

మూడోసారి బావ కాస్త చిక్కటి ఆయిల్ పోసి, "అరగంటకోసారి ఆపి చల్లారనివ్వు" అన్నాడు. అరగంటకోసారి ఆగితే సీసాలు ఏమవుతాయో ఆయనకు తెలియక కాదు. చిన్నోడు తలూపి బండెక్కాడు.

సరిగ్గా వారానికి, మిట్టమధ్యాహ్నం, ఎక్కడా నీడ లేని రోడ్డు మీద పిస్టన్ వేడికి ఉబ్బి సిలిండర్‌ని కరుచుకుంది. ఇంజిన్ ఉన్నట్టుండి బిగుసుకుపోతే వెనక చక్రం కూడా బిగుసుకుపోతుంది. వెంటనే క్లచ్ నొక్కితే బయటపడొచ్చు. అతను ఐసు పెట్టె పడిపోకుండా క్లచ్ నొక్కాల్సిన చెయ్యి వెనక్కి పెట్టాడట. బండి అడ్డంగా తిరిగి కంకర గుట్టలోకి ఈడ్చుకుపోయింది. తుంటి విరిగింది, మోకాలు నుజ్జయింది. మూడుసార్లు ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది గానీ ఆ కాలు ఇక మడత పడదన్నారు.

బండిని ట్రాలీలో తెచ్చి షెడ్డు ముందు దింపారు. బావ షట్టర్ సగం దించి విప్పడం మొదలుపెట్టాడు. నేను సాయం పట్టాను. ముందు ఆయిల్ వదిలాడు. కాలి నల్లబడింది గానీ పళ్లెం నిండా వచ్చింది. పిస్టన్ ఎంతకీ రాకపోతే నా గదిలోకి తెచ్చి ప్రెస్ కింద పెట్టి నొక్కాం. దాని పక్కలు కరిగి సిలిండర్‌కి అతుక్కుని ఉన్నాయి. నెత్తి మీద మసి లేదు, ప్లగ్గులాగే తెల్లగా ఉంది.

"బావా" అన్నాను.

ఆయన ఆయిల్ పళ్లెం రెండు చేతులా ఎత్తి తీసుకెళ్లి షెడ్డు వెనక మురిక్కాలువలో గుమ్మరించాడు. తర్వాత షట్టర్ పైకి లేపాడు. బయట అప్పటికే పదిమంది మూగారు, ల్యాబు మేనేజరు కూడా వచ్చి ఉన్నాడు.

"ఏమైంది మేస్త్రీ?"

"ఆయిల్ లేదండీ. చుక్క లేదు. చూసుకోరా చూసుకోరా అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. వింటేగా!"

అందరూ అయ్యో అన్నారు. బావ చొక్కా అంచుతో కళ్లు తుడుచుకున్నాడు. అది దొంగ ఏడుపు కాదు, నేను ప్రమాణం చేసి చెప్పగలను. తమ్ముడంటే ఆయనకు ప్రాణం. ఆ ప్రాణం కన్నా పేరు కాస్త బరువు తూగింది. నేను ప్రెస్ హ్యాండిల్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. నా వంక ఎవరూ చూడలేదు, చూడకపోవడమే నాకు కావలసింది కూడా.

ఆ మాట ఆసుపత్రిలో ఉన్న చిన్నోడి దాకా చేరింది. మేం వెళ్లేసరికి కాలు పైకి కట్టి ఉంది. అన్నను చూడగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"నీ చేత్తో కట్టిన బండన్నయ్యా, పాడు చేశాను. ఆయిల్ ఉందనే అనుకున్నాను. నలుగురిలో నువ్వు మాట పడేట్టు చేశాను."

బావ దుప్పటి సరిచేసి, తల నిమిరి, "పోనీలేరా, అయిందేదో అయింది" అన్నాడు. నా కళ్లముందే తమ్ముణ్ణి క్షమించాడు!

ల్యాబు వాళ్లు వేరే మనిషిని చూసుకున్నారు. చిన్నోడికి ఇప్పుడు ఉద్యోగం షెడ్డులోనే. వీపు ఆన్చుకునే కుర్చీ ఒకటి బావ చేయించి, గుమ్మం దగ్గర వేశాడు. వేళకు మందులు తనే ఇస్తాడు, స్నానానికి తనే పట్టుకుని తీసుకెళతాడు. దేవుడిలాంటి అన్న అని అందరూ మెచ్చుకుంటారు. బావ ఇప్పుడు తన దగ్గరికొచ్చిన పాత బండికల్లా సర్వీసు పేరుతో సన్న జెట్ పీకి కంపెనీది వేస్తున్నాడు. మైలేజీ తగ్గిందేమని అడిగితే పెట్రోల్లో కల్తీ అంటాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఇంత పద్ధతిగా చేసేవాణ్ణి నేనెక్కడా చూడలేదు.

చిన్నోడు మాత్రం వచ్చినవాడికల్లా చెబుతాడు. "ఆయిల్ చూసుకోండి సార్. నాలా నిర్లక్ష్యం చేయకండి" అని కర్రతో మోకాలు తట్టి చూపిస్తాడు.

మొన్న బావ సామాన్లకు వెళ్లినప్పుడు, చిన్నోడు కర్ర ఊతంతో నా గదిలోకి వచ్చాడు. లేత్ ఆపమని సైగ చేశాడు. ఆపాను.

"బావా, ఒక మాట అడుగుతాను, నవ్వకు. ఆ రోజు బయల్దేరేటప్పుడు నేను ఆయిల్ చూసినట్టే గుర్తు. నువ్వు ఇక్కడే ఉన్నావు కదా. చూశానా నేను?"

చూశాడు. కొలిచే పుల్ల బయటికి తీసి, తుడిచి, మళ్లీ ముంచి, "నిండుగా ఉంది బావా" అని నాకు చూపించి మరీ వెళ్లాడు.

"ఎప్పటి సంగతిరా, నాకు గుర్తులేదు" అన్నాను.

"చూసి ఉండనులే" అన్నాడు చిన్నోడు.