షాలేం రాజు అంకుల్, కర్ర ఉండాల్సిన చేయి

సినిమాలో గానీ బొమ్మలో గానీ కుంటుతూ నడిచే మనిషి కనిపిస్తే మా తెలుగు చర్చి షాలేం రాజు అంకుల్ మొహం చూడరు, కర్ర ఏ చేతిలో ఉందో చూస్తారు. బాగాలేని కాలికి అవతలి చేతిలో ఉండాలి. ఉండదు. ఇక మొదలు.

ఒకసారి ఇక్కడ కాలిఫోర్నియాలోనే, ఫ్రీమాంట్‌లో తెలుగు సినిమాకి తీసుకెళ్ళాం. మంచి సస్పెన్స్‌లో లేచి నిలబడి, "తప్పు! తప్పు!" అని అరిచారు. హంతకుణ్ణి పట్టేశారేమోనని హాలంతా ఊపిరి బిగబట్టింది.

"ఎడమ కాలు కుంటుతూ కర్ర కూడా ఎడమ చేతిలోనే ఏంటండీ! ఒక్కపూట నా వెనకాల నడిచుంటే తెలిసేది కదా!"

చిన్నప్పుడు పోలియో వచ్చి ఆయన ఎడమ కాలు సన్నబడింది; కర్ర ఎప్పుడూ కుడిచేతిలోనే. నేను ఫిజిక్స్ చదివాను. తుంటి మీద పడే బరువు లెక్కవేస్తే ఆయనదే కరెక్టు. ఆ మాట ఆయనతో అనడమే పొరపాటయింది. అప్పట్నుంచి చర్చికి ఏ బొమ్మల క్యాలెండర్ వచ్చినా ముందు నాకే చూపించేవారు.

ఆ ఏడాది క్రిస్మస్ నాటిక ఆయనే వేయించారు. మా ఆరేళ్ళమ్మాయి పర్సిస్‌కి కుడికాలికి ఊతంగా బ్రేస్, ఎడమ చేతిలో చిన్న కర్ర. సండే స్కూల్ వసంతకుమారి ఆంటీ, "కుర్చీలో కూర్చోబెట్టి బేత్లెహేం స్టార్ వేషం వేద్దాం" అన్నారు. నాకు ప్రాణం కుదుటపడింది.

"కూర్చోడం బోరింగ్," అంది పర్సిస్.

"అయితే గొర్రెల కాపరి," అన్నారు అంకుల్.

"పడిపోతే, అంకుల్? అందరి ముందూ?" అన్నాను నేను.

"కాపరికి కర్ర ఎలాగూ ఉంటుందమ్మా."

బ్రేస్ కనపడకుండా పొడుగు అంగీ కుట్టాను. ఆయన మోకాలి దాకా కత్తిరించేశారు. "కాలు కనపడకపోతే, కర్ర సరైన చేతిలో ఉందో లేదో జనానికెలా తెలుస్తుంది?"

పిచ్చి ముదిరిందనుకున్నాను.

కాపరులందరికీ ఎడమ చేతిలో కర్రలిచ్చారు. రిహార్సల్లో ఒకటే కేకలు. "కర్రా కుడికాలూ కలిసి పడాలి! రాంగ్ హ్యాండ్! పర్సిస్‌ని చూసి నేర్చుకోండిరా!"

పర్సిస్ కార్లో కూర్చుని జాలిగా అంది: "అమ్మా, వాళ్ళకి నడవడం రాదు."

నేను కారు స్టార్ట్ చేయడం మరిచిపోయాను.

నాటిక రోజు ముందు పర్సిస్, వెనక అదే అడుగులో మిగతా కాపరులు. సగంలో సుందర్ రాజ్ గారబ్బాయి కర్ర చేయి మార్చాడు. పర్సిస్ ఆగి, వెనక్కి తిరిగి, అచ్చం అంకుల్ గొంతుతో, "రాంగ్ హ్యాండ్!" అంది. హాలంతా ఘొల్లుమంది.

ముందు వరసలో అంకుల్ ఆనందం పట్టలేక లేచారు. కుడిచేయి ఊపడానికి కర్ర ఎడమ చేతిలోకి మార్చుకున్నారు.

స్టేజి మీద నుంచి చిన్న వేలు ఆయన వైపు తిరిగింది.

"అంకుల్! నువ్వు కూడా!"